పన్ను మూల మీద కన్ను

"తాతా, మిషన్ గుంజుతలేదు. ఇంజన్ల ఏదో అయింది, జర చూడు."

గూడూరులో నా దుకాణానికి వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది ఈ మాటతోనే వస్తారు. నేను ఇంజన్ మూత తీయను. చైన్ సా మిషన్‌ను ఎండకు తిప్పి, బారు అనే పొడుగాటి పట్టీ మీదున్న గొలుసులో ఒక పన్నును చూస్తాను. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. మొండిదైతే అంచు పొడుగునా వెంట్రుకంత తెల్లటి గీత మెరుస్తుంది. ఆ గీత కనబడిందంటే ఇంజన్‌కు ఏ జబ్బూ లేనట్టే. జబ్బంతా పన్ను మీదే ఉంది.

మా ఊరు నర్సంపేట నుంచి మహబూబాబాద్ పోయే దారిలో ఉంది. సీతానగరం దగ్గరి భీముని పాదం జలపాతం చూడటానికి వచ్చినవాళ్లకు తెలిసే ఉంటుంది. ఒక దిక్కున పాకాల అడవి, ఇంకో దిక్కున మామిడి తోటలు, మిరప చేన్లు. మహబూబాబాద్‌ను మేమిప్పటికీ మానుకోట అనే అంటాం. మాను అంటే చెట్టు కదా, చెట్ల కోట అని పెద్దలు చెప్పేవాళ్లు. అలాంటి చోట కట్టె కోసేవాడికి పని ఎప్పుడూ ఉంటుంది. నలభై ఏళ్లకు పైగా నేను బతికింది రంపం పదును మీదే. ఇప్పుడు అరవై ఏడు. చేయి ఇంకా వణకడం లేదు కాబట్టి, నేర్చుకున్నది రాసి పెడుతున్నాను.

1. మధ్యాహ్నం అన్నం కన్నా ముందు ఆకురాయి

మా బాపు, కాక కలిసి కోత రంపం లాగేవాళ్లు. దుంగను ఎత్తు మీదికి ఎక్కించి, నల్లరంగులో ముంచిన దారం కొట్టి గీత వేసి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడేవారు. పైనున్నవాడు గీత చూడాలి, కిందున్నవాడు కళ్లలో పొట్టు పడకుండా తల వంచుకుని గుంజాలి. దర్వాజాలు, దూలాలు, నాగలి కర్రలు అన్నీ ఆ చేతుల మీదుగానే పోయాయి.

మధ్యాహ్నం సద్ది విప్పే ముందు బాపు రంపాన్ని తలకిందులుగా రెండు కర్రల మధ్య బిగించేవాడు. మూడు పలకల ఆకురాయి తీసుకుని ఒక్కో పన్ను మీద రెండు తోపులు తోసేవాడు. ముందుకే తోసేవాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఆకురాయిని పన్ను మీంచి పైకెత్తేవాడు. "అన్నం తిన్నంక చేతులు బరువైతయి" అనేవాడు. పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కొద్దిగా వంచేవాడు. కోత సందు రేకు మందం కన్నా వెడల్పుగా ఉంటేనే రంపం బిగుసుకోదు. చైన్ సా గొలుసు మీద పళ్లు ఒకటి కుడివి, ఒకటి ఎడమవి ఎందుకుంటాయో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పదేళ్ల వయసులోనే చూశాను.

ఆకురాయిని వెనక్కి ఈడ్చే అలవాటు ఉన్న పిల్లలకు మొదట మాన్పించేది అదే. వెనక్కి ఈడిస్తే ఆకురాయి పళ్లే అరిగిపోతాయి తప్ప గొలుసుకు ఏమీ కాదు.

2. పొట్టు చెప్పేది వినండి

మిషన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని కింద పడినదాన్ని అరచేతిలోకి తీసుకోండి. చిన్న పేళ్లలా, చతురస్రంగా, గరగరలాడుతూ ఉంటే గొలుసు బాగుంది. గోధుమపిండిలా మెత్తగా ఉంటే గొలుసు కోయడం లేదు, రుద్దుతోంది. పిండి రాలుతుంటే మనిషి ఏం చేస్తాడు? మిషన్ మీద బరువు వేస్తాడు. బారు వేడెక్కుతుంది, క్లచ్ కాలుతుంది, నడుం పోతుంది. మంచి పదునున్న గొలుసు మిషన్ బరువుకే కట్టెలోకి దిగాలి. మీ భుజం బలంతో పని పడిందంటే మిషన్ ఆపి, ఆకురాయి తీయండి.

3. పురుగు నేర్పిన పన్ను

తొలినాళ్ల చైన్ సా గొలుసులకు మా బాపు రంపం లాంటి పళ్లే ఉండేవి. కట్టెను గీరుకుంటూ పోయేవి, గడియ గడియకు మొండిబారేవి. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే ఆయన, అడవిలో కట్టె కోత పనులు చేసేవాడే, ఒక మొద్దులో పురుగును గమనించాడు. మన మామిడి రైతులకు కాండం తొలిచే పురుగు తెలుసు కదా, అలాంటిదే. వేలంత లావుంటుంది, దవడలు చిన్నవి. అయినా నిలువు నార, అడ్డ నార అని చూడకుండా కుడికీ ఎడమకూ కొరుక్కుంటూ పోతోంది. ఆ దవడల తీరునే ఉక్కులో దించాడాయన. 1947లో పోర్ట్‌లాండ్‌లో తన ఇంటి నేలమాళిగలో గొలుసుల తయారీ మొదలుపెట్టాడు. ఇప్పుడు మన బజార్లలో ఒరెగాన్ పేరుతో వచ్చే గొలుసులకు మూలం అదే. వేరే కంపెనీల గొలుసుల మీద కూడా ఇవాళ కనబడేది ఆ వంపు తిరిగిన పన్నే.

ఆ పన్నును దగ్గరగా చూడండి. పైన ఒక రేకు, పక్కన ఒక రేకు, రెండూ కలిసే చోట ఒక మూల. మూల ముందుగా వెళ్లి నారను తెంచుతుంది. పక్క రేకు ఆ తెంపును కిందిదాకా తీసుకెళుతుంది. పై రేకు వెనకే వచ్చి, వడ్రంగి ఉలిలా పేడును లేపేస్తుంది. గొలుసు సెకనుకు సుమారు ఇరవై మీటర్లు పరుగెత్తుతుంది కాబట్టి ఇదంతా కంటికి కనబడదు. కానీ మూల మొండిదైన పన్నుకు పై రేకు ఎంత పదునున్నా లాభం లేదు. చాలా ఏళ్లు నేనూ పై రేకు మెరుపునే చూసి పదునొచ్చిందనుకున్నాను. మూలను చూడటం నాకు అరవై దాటాక వచ్చింది. అది ఇంకో దేశంలో వచ్చింది.

4. స్క్వేర్ గ్రైండర్ దగ్గర మూడు రోజులు ఊరికే నిలబడ్డాను

మా కొడుకు ఒరెగాన్‌లో హిల్స్‌బరోలో ఉంటాడు. పోర్ట్‌లాండ్ పక్కనే. ఇంటెల్ కంపెనీ ఉండటంతో అక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. 2018లో మనవరాలు పుట్టినప్పుడు ఆరు నెలలు ఉండటానికి పోయాం. మా ఆవిడకు చేతినిండా పని. నాకు పొద్దు పోయేది కాదు. ఒకరోజు వీధి చివర ఒక షెడ్డులోంచి గ్రైండర్ చప్పుడు వినబడితే కాళ్లు అటే నడిచాయి.

ఆ పెద్దమనిషికి డెబ్బై పైనే. బతుకంతా డగ్లస్ ఫర్ చెట్లు పడగొట్టినవాడు. నా ఇంగ్లిష్ దుకాణం ఇంగ్లిష్. కానీ నేను జేబులోంచి చేయి తీసి గోళ్ల కిందున్న నలుపు చూపిస్తే నవ్వి లోపలికి రమ్మన్నాడు. అక్కడ చూశాను స్క్వేర్ గ్రైండర్‌ను. మన దుకాణాల్లో ఉండే గ్రైండర్ కాదది. సిల్వే, సిమింగ్టన్ అనే పేర్లతో అక్కడి కోతగాళ్ల కోసమే తయారైన జాతి.

తేడా చెబుతాను. మన ఆకురాయి గుండ్రం. అది పన్ను లోపల చెంచా గుంటలాంటి వంపు తీస్తుంది. ఆ వంపు పై అంచే మనకు పదును. స్క్వేర్ పద్ధతిలో గుంట ఉండదు. రెండు చదును వాలులుంటాయి. ఒకటి పై రేకు కింద, ఇంకొకటి పక్క రేకు లోపల. రెండూ ఉలి అంచుల్లాంటివి. రెండు వాలులు కలిసే చోట లోపలి నుంచి ఒక గీత వస్తుంది. ఆ గీత సరిగ్గా పన్ను బయటి మూలలోకి వచ్చి ముగియాలి. పెంకుటింట్లో రెండు వాలులు కలిసే మూలవాసం గోడ మూల మీదికే వచ్చి దిగినట్టు. వెంట్రుకవాసి కిందికి దిగినా, పైకి ఎక్కినా ఆ పన్ను పాడైనట్టే.

ఇది చేయడానికి గ్రైండర్ రాయి అంచును వజ్రం ముక్కతో రెండు వాలులుగా దిద్దుతారు. రాయి మూల అరిగిందంటే పన్ను మూల రాదు. అందుకే ఆ పెద్దమనిషి కొన్ని పళ్లు పట్టగానే మళ్లీ రాయి దిద్దేవాడు. కుడి పళ్లన్నీ ఒక వరసలో పట్టి, మిషన్ అమరిక మార్చి, ఎడమ పళ్లు పట్టేవాడు.

మొదటి మూడు రోజులు ఆయన నన్ను రాయి ముట్టనివ్వలేదు. చేతికి ఒక భూతద్దం ఇచ్చి, తను పట్టిన గొలుసు ఒకటి, అరిగిన గొలుసు ఒకటి పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. మొదటి రోజు రెండూ ఒకేలా ఉన్నాయి. రెండో రోజు అరిగినదాని మూల గుండ్రబడటం కనిపించింది. మూడో రోజు ఆ లోపలి గీత ఎక్కడ ఆగిందో పన్ను పన్నుకూ చెప్పగలిగాను. నలభై ఏళ్లు పదును పెట్టినవాణ్ని, పన్నును అప్పుడు చూశాను.

నాలుగో రోజు చేతికి ఇచ్చాడు. 72 డ్రైవ్ లింకుల గొలుసు, 36 పళ్లు, పద్దెనిమిది కుడివి, పద్దెనిమిది ఎడమవి. కుడివి చక్కగా వచ్చాయి. ఆ ఉత్సాహంలో అమరిక మార్చాక మొదటి ఎడమ పన్నును భూతద్దంలో చూడకుండానే వరసగా పట్టేశాను. పద్దెనిమిదింటిలోనూ గీత మూలకు కిందికి జారింది. దుంగ మీద పెడితే కోత నిటారుగా దిగలేదు, పదునున్న పళ్ల వైపుకు చంద్రవంకలా తిరిగింది. ఆయన ఏమీ అనలేదు. భూతద్దం మళ్లీ నా ముందు పెట్టాడు. ఎడమ పళ్లన్నీ మళ్లీ పట్టేసరికి సాయంత్రమైంది.

నెల తిరిగేసరికి నా గొలుసు ఆయన దుంగలోకి దిగిన తీరు చూసి నాకే ఒళ్లు పులకరించింది. మిషన్‌ను తోయడం లేదు, ఆపి పట్టుకోవాల్సి వస్తోంది. పేళ్లు దోసెడు దోసెడుగా కాళ్ల మీద పడుతున్నాయి.

5. మంచి గొలుసు అన్ని కట్టెలకూ మంచిది కాదు

వచ్చేటప్పుడు అలాంటి గొలుసులు రెండు తెచ్చుకున్నాను. ఊళ్లో కాపు తగ్గిన మామిడి తోట ఒకటి తీసేస్తుంటే, బెరడు చెక్కిన పచ్చి దుంగ మీద మొదటిది ఎక్కించాను. పిల్లలు చుట్టూ మూగారు. ఒరెగాన్‌లో ఎలా దిగిందో అలాగే దిగింది.

రెండోది పొలం గట్టు మీది నల్ల తుమ్మకు పెట్టాను. బెరడు పగుళ్లలో మట్టి, మొదలు దగ్గర ఇసుక. రెండో కోతకే పిండి రాలింది. భూతద్దంలో చూస్తే 36 మూలలూ పోయాయి. స్క్వేర్ మూల సన్నగా, మొనదేలి ఉంటుంది కాబట్టి కోస్తుంది. అంతే సన్నగా ఉంటుంది కాబట్టి ఇసుక రేణువు తగిలితే ఒరిగిపోతుంది. డగ్లస్ ఫర్ మెత్తటి కట్టె, వాన కడిగిన అడవి, నేలకు తగలని బారు. మనవి తుమ్మ, చింత, నల్లమద్ది. టేకు కట్టెలోనే ఇసుక గుణం ఉంటుంది, వడ్రంగి ఉలి కూడా దానికి తొందరగా మొండిబారుతుంది. తాటి మొద్దు సంగతి సరేసరి.

అందుకని నా తీర్పు ఇది. మన పనికి మూల కొద్దిగా గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ గొలుసు, గుండ్రటి ఆకురాయి చాలు. స్క్వేర్ గ్రైండర్ కొని తెమ్మని నేను ఎవరికీ చెప్పను, నేనూ కొనలేదు. కానీ ఆ గ్రైండర్ దగ్గర నేర్చుకున్న చూపు ఈ గుండ్రటి ఆకురాయికి కూడా రోజూ పనికొస్తోంది. నా దుకాణంలో పని నేర్చుకునే పిల్లలకు మొదటి మూడు రోజులు ఆకురాయి ఇవ్వను. భూతద్దమే ఇస్తాను.

6. నల్ల ఇంకు

అట్టపెట్టెల మీద రాసే మార్కర్ ఒకటి తీసుకోండి. పన్ను లోపలి వైపంతా ఇంకు పూయండి. ఇప్పుడు ఆకురాయి ఒక్క తోపు తోసి తీసి చూడండి. ఇంకు ఎక్కడ పోయిందో అక్కడే ఆకురాయి తగిలింది. ఇంకు అడుగున మాత్రమే పోయిందా, మీ ఆకురాయి కిందికి దిగింది. పైన మాత్రమే పోయిందా, పైకి ఎక్కింది. మూల దగ్గర ఇంకు మిగిలిందా, మీరు ఇప్పటిదాకా చేసిన పని పనికిరాలేదు, ఇంకా తోయాలి. అంచు పొడుగునా, మూలతో సహా ఇంకు పోయినప్పుడే ఆ పన్ను అయినట్టు.

ఆకురాయి కొలత తప్పితే ఇంకు ఎంత పూసినా లాభం లేదు. మూడు వరస రివెట్ల మధ్య దూరాన్ని కొలిచి సగం చేస్తే గొలుసు పిచ్ తెలుస్తుంది. 3/8 అంగుళాల పెద్ద గొలుసుకు 5.5 లేదా 5.2 మిల్లీమీటర్ల ఆకురాయి, .325కు 4.8, చిన్న మిషన్ల మీద వచ్చే తక్కువ ఎత్తు 3/8 గొలుసుకు 4. గొలుసు పెట్టె మీద రాసి ఉంటుంది. పెట్టె పారేయకండి. కోణం కూడా దాని మీదే ఉంటుంది, సాధారణంగా 30 లేదా 25 డిగ్రీలు.

మొదలుపెట్టిన పన్ను మీద గుర్తు పెట్టుకోండి. దసరా నాడు పనిముట్లకు బొట్టు పెడతాం కదా, నేను ఏడాది పొడుగునా మొదటి పన్నుకు కుంకుమ బొట్టు పెట్టే మొదలుపెడతాను. తిరిగి బొట్టు దగ్గరికి వస్తే ఒక వైపు పూర్తి అయినట్టు.

7. నీలం తిరిగితే పదును పోయినట్టే

గ్రైండర్ ఎవరిదైనా, రాయి ఎలాంటిదైనా, పన్నును రాయికి అదిమి పెడితే ఉక్కు నీలం రంగుకు తిరుగుతుంది. ఆ నీలం చూసి మెరుపు వచ్చిందని మురిసిపోయినవాళ్లను చూశాను. ఉక్కుకు కంపెనీలో ఇచ్చిన గట్టిదనం ఆ వేడికి పోతుంది. అది పది నిమిషాల్లో మొండిబారుతుంది. కాలిన పొర కొన్నిసార్లు గాజులా బిగుసుకుని ఆకురాయి కూడా దాని మీద జారుతుంది. తాకించండి, తీయండి, మళ్లీ తాకించండి. వేలు పెట్టి చూస్తే చుర్రుమనకూడదు.

కొత్త రాయి బిగించే ముందు దాన్ని వేలికి వేలాడదీసి చెక్క పిడితో తట్టి వినండి. బజార్లో కుండ కొనేటప్పుడు తడతాం కదా, అలాగే. ఖంగుమంటే మంచిది. బొంగురు పలికితే పగులుంది, పారేయండి. అద్దాలు లేకుండా ఆ మిషన్ ముందు నిలబడకండి.

గ్రైండర్‌ను నేను మేకుకో, రాయికో తగిలి చెడిపోయిన గొలుసును మళ్లీ దారిలో పెట్టడానికే వాడతాను. రోజువారీ పదునుకు ఆకురాయే. మిషన్‌లో పెట్రోలు పోసిన ప్రతిసారీ పన్నుకు రెండు తోపులు. ఆ పని పదిహేను నిమిషాలు కూడా పట్టదు.

8. పొట్టి పన్ను మాట అందరూ వినాలి

36 పళ్లలో ఒకటి మేకుకు తగిలి సగం అరిగిందనుకోండి. మిగతా 35 పళ్లనూ దాని పొడవుకే తేవాలి. ఇది విన్న రైతు మొహం వాడిపోతుంది, గొలుసు తొందరగా అయిపోతుందని. కానీ పొడుగు పన్ను ముందు పడి పనంతా నెత్తిన వేసుకుంటుంది, పొట్టిది ఊరికే వెనకాల తిరుగుతుంది. మిషన్ చేతుల్లో గడగడలాడుతుంది. కుడి పళ్లు పొడుగు, ఎడమవి పొట్టి అయితే, ఒరెగాన్‌లో నా మొదటి గొలుసుకు అయినట్టే కోత వంకర పోతుంది. ఎక్కువ మందికి కుడి చేతి వాటం కాబట్టి ఒక వైపు పళ్లు బాగా అరగదీసి ఇంకో వైపు వదిలేస్తారు. బలం తక్కువ వచ్చే వైపు ఒక తోపు ఎక్కువ వేయండి.

9. నా చేత్తో తగ్గించిన మెట్టు

పన్ను ముందు చిన్న మెట్టు ఉంటుంది. డెప్త్ గేజ్ అంటారు, మా పిల్లలు రేకర్ అంటారు. పన్ను ఒక్కసారికి ఎంత లోతు కొరకాలో అది నిర్ణయిస్తుంది. పన్ను కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్ను అరిగేకొద్దీ పన్ను ఎత్తు కూడా తగ్గుతుంది కాబట్టి, మూడు నాలుగు పదునులకు ఒకసారి గేజ్ రేకు పెట్టి, చదును ఆకురాయితో ఆ మెట్టును కూడా దించాలి.

పదిహేనేళ్ల కింద ఒక కుర్రవాడు వచ్చాడు. జామాయిల్ తోటల్లో గుత్త పట్టి కోసేవాడు, సారపాక కాగితం మిల్లుకు పోయే కట్టె. లారీ నిలబడి ఉంది, తొందరగా కోయాలి. "రేకర్ ఇంకా తగ్గియ్యి తాతా, దూకుతది" అన్నాడు. వద్దన్నాను. బతిమాలాడు. గేజ్ పెట్టకుండా చూపు అంచనాతో తగ్గించి ఇచ్చాను.

సాయంత్రం కబురు వచ్చింది. బారు ముక్కు పై అంచు పక్క దుంగకు తగిలింది. లోతుగా కొరికిన పన్ను ఇరుక్కుని మిషన్ మొత్తం పైకి, వెనక్కి ఎగిరింది. భుజం మీద పడింది. ప్రాణం దక్కింది. ఎడమ చేయి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. మిషన్ నడిపేవాడికి ముక్కుతో కోయకూడదని తెలియాలి, నిజమే. కానీ ఆ మెట్టు తగ్గించింది నా చేయి. ఆ రోజు నుంచి గేజ్ పెట్టకుండా ఎవరి మెట్టూ ముట్టుకోలేదు. తగ్గించమని ఎంత డబ్బు ఇస్తానన్నా గొలుసు తిరిగి ఇచ్చేస్తాను. మీరు నేర్చుకునేటప్పుడు కూడా ఇది ఒక్కటి మాత్రం అంచనాకు వదలకండి.

10. వరదనాటి చెట్లు

2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వాన మా జిల్లాలో ఎవరూ మరిచిపోరు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అదే రోజు ములుగు వైపు మేడారం, తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేల చెట్లు ఒకేసారి నేలకు ఒరిగాయి. తెల్లారేసరికి మా చుట్టుపక్కల దారుల మీద కూడా చెట్లు పడి ఉన్నాయి. అవతలి తండాలో నెలలు నిండిన ఆడపిల్లను ఆసుపత్రికి తీసుకుపోవాలని కబురొస్తే మిషన్లు పట్టుకుని పోయాం.

అడ్డంగా పడింది పెద్ద వేప. వరద దాని పగుళ్లలో, కొమ్మల మధ్య ఇసుకను కూరి పోయింది. మొదటి గొలుసు ఎనిమిది నిమిషాలు నిలబడింది. రెండోది ఇంకా తక్కువ. అప్పుడు ఒకతను బిందెతో వాగు నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టాడు, ఇంకొకడు గొడ్డలితో కోత పడే చోట బెరడు జానెడు వెడల్పున చెక్కి తీశాడు. నేను జీపు బానెట్ మీద కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి గొలుసులు సాన పట్టి ఇస్తూనే ఉన్నాను. గంటన్నరలో దారి వచ్చింది. ఆ పిల్ల సమయానికి ఆసుపత్రికి చేరింది.

కడగడానికీ బెరడు తీయడానికీ పట్టిన సమయం దండగ అని మొదట నేనే తిట్టాను. దారిని తెరిచింది ఆ రెండు పనులే. నేల మీద పడ్డ దుంగను చివరిదాకా కోయకండి. మూడు వంతులు కోసి, దొర్లించి, కింది వైపు పైకి తెచ్చి మిగతాది కోయండి. నేలను ఒక్కసారి ముట్టిన గొలుసుకు మళ్లీ మొదటి నుంచి పదును పెట్టాలి.

11. ఊరి చెట్టులో ఇనుము ఉంటుంది

అడవి చెట్టు వేరు, ఊరి చెట్టు వేరు. ఊళ్లో వేపకు, చింతకు, రావికి బోర్డులు కొట్టిన మేకులుంటాయి, గొడ్లను కట్టిన తీగలు, ఎప్పుడో దిగేసిన కొక్కేలు ఉంటాయి. చెట్టు వాటిని మింగి పైన బెరడు కప్పేస్తుంది. కోసే ముందు చెట్టు చుట్టూ తిరిగి, నల్లగా మారిన మచ్చలు, అసహజంగా ఉబ్బిన చోట్లు చూడండి. ఆ ఇంటి ముసలివాళ్లను అడగండి. గొడ్డును ఎక్కడ కట్టేవారో వాళ్లకు గుర్తుంటుంది.

12. నూనె, బారు

కాలిన ఇంజన్ ఆయిల్ గొలుసుకు పోయకండి. దానిలో ఇనుప పొడి ఉంటుంది, బారు గాడిని అదే అరగదీస్తుంది. నూనె రంధ్రంలో పొట్టు తీయండి. గొలుసుకు పదును పెట్టిన ప్రతిసారీ బారును తిరగేసి బిగించండి, అంచులకు లేచిన ముళ్లను చదును ఆకురాయితో కొట్టండి. బారు వంకరగా అరిగితే ఏ పదునూ నిటారుగా కోయదు.

13. పదునున్న చేతికి అనుమతి కూడా కావాలి

ఇది పదును సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత పొలంలోవైనా చాలా రకాల చెట్లను అనుమతి తీసుకునే కోయాలి. పాకాల 1952 నుంచి అభయారణ్యం. అటు నుంచి రాత్రిపూట వచ్చే మిషన్లకు నేను పదును పెట్టను, దుకాణం మూసేస్తాను. మంచి గొలుసు పెద్ద మద్దిని నిమిషాల్లో పడగొడుతుంది. అది పెరగడానికి మన తాతల కాలం పట్టింది.

పదును నేర్చుకోవాలనుకునే పిల్లలు ఎవరైనా మా దుకాణానికి రావచ్చు, డబ్బులు అక్కర్లేదు. పొద్దున ఎండ బాగా పడే వేళకు రండి, పన్ను మూల ఆ వెలుగులోనే బాగా కనబడుతుంది. కొత్త గొలుసు తేకండి. పాడైనా పరవాలేదనుకునే పాతది ఒకటి తెచ్చుకోండి. భూతద్దం, ఆకురాయి, నల్ల ఇంకు నా దగ్గర ఉన్నాయి.